కథయు, ఆటయు, నిర్ణయమును: కాకినాడ వర్తకుల ప్రయోగముపై విమర్శ

హైదరాబాదులో అమీరుపేట మెట్రో రైలు స్టేషను రెండు మార్గములు కలిసెడి కూడలి. ఒక మార్గమున ఎక్కినవారికి వెంటనే పంజగుట్ట, తరువాత ఎర్రమంజిల్, ఖైరతాబాదు వచ్చును. రెండవ మార్గమున పడమటి దిక్కునకు పోవువారికి మధురానగర్ దాటగానే యూసఫ్‌గూడ వచ్చును. స్టేషను క్రింది వీథులలో కంప్యూటరు విద్యలు నేర్పెడి శిక్షణ కేంద్రముల బోర్డులు అంతస్తుల పొడవునను కనబడుచుండును. జిల్లాల నుండి వచ్చిన యువతీయువకులు ఒక తరగతి నుండి మరియొక తరగతికి త్వరత్వరగా పోవుచుందురు. అయితే ఈ చుట్టుపట్ల శిక్షణ అనునది నిన్న మొన్న పుట్టినది కాదు. అరువది సంవత్సరములకు పూర్వము, వయసు వచ్చిన వర్తకులచే కథలు వ్రాయించి, వారిచే ఆటలాడించి, తన్మూలమున వారి వ్యాపారపు నడతను మార్చవచ్చునా అని పరీక్షించిన ప్రయోగమొకటి ఇచ్చటనే జరిగినది. మనస్తత్త్వ శాస్త్ర గ్రంథములలో నేటికిని ప్రస్తావింపబడుచున్న ప్రయోగమది.

అది జరిగిన సంస్థ యూసఫ్‌గూడలో ఇప్పటికిని ఉన్నది. కేంద్ర ప్రభుత్వము దానిని 1960లో ఢిల్లీలో స్థాపించి, 1962లో హైదరాబాదునకు తరలించినది. ఆ రోజులలో దాని పేరు చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థ. 2007 నుండి అది సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల జాతీయ సంస్థగా వ్యవహరింపబడుచున్నది. 1964లో కాకినాడ నుండి వర్తకులును, చిన్న పరిశ్రమల యజమానులును జట్లు జట్లుగా ఆ సంస్థకు వచ్చి, పది దినముల చొప్పున అచ్చటనే నివసించి శిక్షణ పొందిరి. ఆ శిక్షణ పద్ధతిని రూపొందించినవాడు అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు డేవిడ్ మెక్లెలండ్ (1917–1998). ఆయనయు, డేవిడ్ వింటరును కలిసి ప్రయోగ ఫలితములను 1969లో ‘మోటివేటింగ్ ఎకనామిక్ అచీవ్‌మెంట్’ అను గ్రంథముగా ప్రకటించిరి. ఆర్థిక సాధనకు ప్రేరణ కల్పించుట అని దాని భావము.

అర్ధశతాబ్దము దాటిన గ్రంథమును ఇప్పుడు విమర్శకు తీసికొనుటకు కారణము కలదు. కథ చెప్పించుట, ఆట ఆడించుట అను రెండు ఉపాయములు నేడు కార్యాలయములలోను, శిక్షణ తరగతులలోను, పాఠశాలలలోను విరివిగా ప్రచారములోనికి వచ్చినవి. పాఠమును ఆటగా మార్చి పాయింట్లు, బ్యాడ్జీలు ఇచ్చినచో పిల్లలకు ఉత్సాహము దానంతట అదియే పుట్టునని ఉపాధ్యాయులకు చెప్పుచున్నారు. ఈ మాటలో నిజమెంత, అత్యుక్తి యెంత అని తేల్చుటకు, ఫలితములను లెక్కించి అచ్చువేసిన పాత ప్రయోగమొకటి దొరకుట అదృష్టమే. మెక్లెలండ్, వింటరులు తమ సిద్ధాంతమునకు అనుకూలముగా నున్న లెక్కలతో పాటు ప్రతికూలముగా నున్నవానిని కూడ దాచక ప్రకటించిరి. అందుచేతనే ఆ గ్రంథము నేటికిని చదువదగినది. దానిని శ్రద్ధగా చదివినవారికి కలుగు అభిప్రాయ మేమనగా, అందలి సాక్ష్యము అందలి సిద్ధాంతము కంటె మేలైనది.

బొమ్మను చూచి కథ

హార్వర్డులోనే హెన్రీ మర్రే, క్రిస్టియానా మోర్గన్ అనువారు 1935లో ప్రకటించిన పరీక్ష ఈ పద్ధతికి మూలము. భావము స్పష్టముగా తెలియని బొమ్మ నొకదానిని కొద్ది క్షణములు చూపుదురు. చూచినవారు నాలుగైదు నిమిషములలో దానిపై ఒక కథ వ్రాయవలెను. ఇచ్చట ఏమి జరుగుచున్నది? దీనికి పూర్వము ఏమి జరిగినది? బొమ్మలోనివారు ఏమి తలచుచున్నారు, ఏమి కోరుచున్నారు? ఇకమీద ఏమి జరుగును? ఈ ప్రశ్నలు మాత్రమే కథకునకు ఆధారము.

ఉదాహరణకు, బల్లమీద పుస్తకము తెరచుకొని ఎటో చూచుచున్న బాలుని బొమ్మ చూపిరనుకొనుడు. ఒకరు ‘ఈ బాలునికి ఇంటిమీద బెంగ కలిగినది, తల్లి మాటలు తలచుకొనుచున్నాడు, ఆదివారము ఊరికి పోయి ఆమెను చూచును’ అని వ్రాయవచ్చును. మరియొకరు ‘నిన్న తప్పిన లెక్కను మరియొక విధముగా చేయవచ్చునా అని ఆలోచించుచున్నాడు, పొరపాటు మొదటి మెట్టులోనే ఉన్నదని తోచినది, స్నేహితుని అడిగి సరిచేసికొనును’ అని వ్రాయవచ్చును. రెండవ కథలో ఒక మంచి ప్రమాణమును అందుకొనవలెనను కోరిక, అడ్డంకి, ఉపాయము, ఇతరుల సాయము, ఫలితమును గూర్చిన ఊహ కలవు. మెక్లెలండ్ బృందము వీనిని ఒక్కొక్కటిగా గుర్తించి మార్కులు వేసెడి పద్ధతిని 1953 నాటికే సిద్ధము చేసినది. ఆ మార్కుల మొత్తమును సాధనాకాంక్షకు కొలతగా తీసికొనిరి. మొదటి కథ వ్రాసినవాడు సోమరి యని దీని అర్థము కాదు. ఆ కథలో ఆప్యాయతను కోరు తలంపు కలదు. అది వేరొక ఆకాంక్ష.

కథలయందు మెక్లెలండ్‌కు గల నమ్మకము గొప్పది. 1961లో ప్రకటించిన ‘ది అచీవింగ్ సొసైటీ’ అను గ్రంథమున ఆయన పలు దేశముల పిల్లల వాచకములలోని కథలను, 1925 ప్రాంతమువి కొన్ని, 1950 ప్రాంతమువి కొన్ని, సేకరించి వానికి కూడ ఇట్లే మార్కులు వేయించెను. పిల్లలకు ఏ కథలు చెప్పుదురో దేశము ఆ విధముగా నడచునని ఆయన వాదము. వాచకములు బోధించు ఉపాధ్యాయులకు ఈ మాట వినుటకు ఇంపుగా నుండును. కాని రెండు విషయములు కలిసి పెరిగినంత మాత్రమున ఒకటి రెండవదానికి కారణమని చెప్పుటకు వీలులేదు. కారణమని నిరూపించుటకు ప్రయోగము కావలెను. కాకినాడ ప్రయోగము ఆ అవసరము నుండి పుట్టినదే.

కడియము విసరెడి ఆట

శిక్షణలోని ఆటలలో ప్రసిద్ధమైనది కడియము విసరుట. నేలపై ఒక మేకు నిలిపి, దానిపై పడునట్లు త్రాటి కడియమును విసరవలెను. ఎంత దూరము నుండి విసరవలెనో ఆడువాడే నిర్ణయించుకొనును. ఆట యంతయు ఆ నిర్ణయములోనే ఉన్నది. మేకు ప్రక్కనే నిలిచి వేయువారికి తప్పు రాదు, సంతోషమును రాదు. గది చివరకు పోయి విసరువారికి తగిలినచో అదృష్టము, తగలకున్నచో నవ్వులాట. సాధనాకాంక్ష గలవారు మధ్య దూరమును ఎంచుకొందురని మెక్లెలండ్ బృందము కనుగొన్నది.

ఎందుచేత? మెక్లెలండ్‌తో కలిసి పనిచేసిన జాన్ అట్కిన్‌సన్ 1957లో దీనికి ఒక సులభమైన లెక్క చూపెను. గెలుపు ఎంత సులభమో దాని విలువ అంత తక్కువ. పది విసరులలో తొమ్మిది తగిలెడి దూరమున గెలుపు అవకాశము 9/10. కాబట్టి గెలుపు విలువను మిగిలిన 1/10గా తీసికొనవచ్చును. రెంటిని గుణించిన 9/100 వచ్చును. పదింట ఏడు తగిలెడి దూరమున 7/10ను 3/10చే గుణించిన 21/100. పదింట అయిదు తగిలెడిచోట 25/100. ఇంకను దూరము పోయినచో మరల 21/100, చివరకు 9/100. అనగా ఆకర్షణ నడుమ ఎక్కువ, రెండు కొనలందు తక్కువ. బీజగణితము నేర్చిన విద్యార్థులు ఇది వర్గసమాసపు గరిష్ఠ విలువయే యని గుర్తింపవచ్చును. గెలుపు విలువ ఇంతయే యని అనుకొనుట మాత్రము ఒక ఊహ. దానిని తరగతిలోనే ఒక కడియము, ఒక మేకు, ఒక కొలబద్దతో పరీక్షింపవచ్చును.

వ్యాపారమునకును ఈ ఆటకును గల సంబంధమును కాకినాడవారికి వేరుగా వివరింపనక్కరలేదు. అలవాటైన దుకాణమునే అలవాటైన విధముగా నడుపుట మేకు ప్రక్కన నిలుచుట. ఉన్నదంతయు ఒకే బేరముపై పెట్టుట గది చివర నుండి విసరుట. ఆటలో తాను ఎచ్చట నిలిచెనో చూచుకొన్నవాడు తన దుకాణములో ఎచ్చట నిలిచియున్నాడో ఆలోచించుకొనును. ఆట యొక్క ప్రయోజనము ఇదియే: నష్టము లేనిచోట నిర్ణయము చేయించి, ఆ నిర్ణయమును కంటికి కనబడునట్లు చేయును.

శిక్షణకు మెక్లెలండ్ నాలుగు లక్ష్యములు చెప్పెను. సాధనాకాంక్ష గలవారివలె ఆలోచించుట, మాట్లాడుట, ప్రవర్తించుట నేర్పుట మొదటిది. కథలు, ఆటలు ఇందులోనివి. రాబోవు రెండేండ్లకు సాధ్యమైన గురి నొకదానిని ఏర్పరచుకొనుట రెండవది. ఆ గురి ఎంతవరకు సాగినదో ఆరు నెలల కొకసారి విచారింతురు. తన్నుగూర్చి తాను తెలిసికొనుట మూడవది. ఇంటికిని, అంగడికిని దూరముగా కలిసి నివసించి, ఒకరి ఆశలు, భయములు మరియొకరు తెలిసికొని, ఒక బృందముగా ఏర్పడుట నాలుగవది. ఒకే పట్టణమువారిని ఎన్నుకొనుటలోని ఆంతర్యము గూడ ఇదియే. ఊరికి తిరిగిపోయిన తరువాత వారు ఒకరికొకరు ఎదురుపడుచునే ఉందురు.

లెక్కలు చూపిన సంగతి

కాకినాడ వారితో పాటు తమిళనాడులోని వేలూరు వారికి కూడ శిక్షణ నిచ్చిరి. శిక్షణ పొందని వర్తకులను పోలికకు తీసికొనిరి. రాజమండ్రి పోలికకు ఎంచిన పట్టణము. ఇరుపక్షములందును డెబ్బది పైచిలుకు మంది చొప్పున ఉండిరి. వ్యాపారమును విస్తరించుట, క్రొత్త వ్యాపారమును ఆరంభించుట వంటి పనులు నిజముగా చేసినవారిని ‘చురుకైనవారు’ అని లెక్కించిరి. శిక్షణకు ముందు రెండేండ్లలో శిక్షణ పొందినవారి పక్షమున చురుకైనవారు నూటికి 18 మంది. తరువాత రెండేండ్లలో 51 మంది. శిక్షణ పొందనివారిలో ఆ సంఖ్య 22 నుండి 25కు మాత్రమే పెరిగినది.

ఇది చిన్న ఫలితము కాదు. పది దినముల శిక్షణ తరువాత రెండేండ్లకు కూడ నిలిచిన మార్పు ఇది. మరియొక విశేషము గూడ కలదు. భారతీయుల ఆచారములు, విశ్వాసములు మారనిదే వ్యాపార దక్షత అలవడదని పాశ్చాత్య పండితులు కొందరు ఆ రోజులలో వాదించుచుండిరి. చురుకైన కాకినాడ వర్తకులు తమ ఆచారములను వదలుకొనవలసిన అవసరము కలుగలేదని గ్రంథకర్తలు గమనించిరి. ఈ నిజమును ఒప్పుకొనుట ఆ గ్రంథమునకు గౌరవమే.

లెక్కలు చూపని సంగతి

అయితే ఈ మార్పునకు కారణమేమి? సాధనాకాంక్ష పెరుగుటయే కారణమని సిద్ధాంతము. ఇచ్చట మూడు చిక్కులు కలవు.

మొదటిది కథల మార్కులకు సంబంధించినది. ఎట్టి కథకు మార్కులు వచ్చునో శిక్షణలోనే నేర్పిరి. తరువాత కథలు వ్రాయించగా మార్కులు పెరిగినవి. జవాబుల పట్టికను ముందుగా చేతికిచ్చి పరీక్ష పెట్టినచో మార్కులు పెరుగుట ఆశ్చర్యము కాదు. పెరిగిన మార్కులు మనసులోని మార్పును చెప్పునో, నేర్చిన పాఠమును చెప్పునో తెలియదు. కథల మార్కుల పెరుగుదలను బట్టి, తరువాత ఎవరు చురుకగుదురో, ఎవరు కారో వేరుచేయుటకు వీలుకాలేదని గ్రంథకర్తలే చూపిరి. సిద్ధాంతమునకు ఇది గట్టి దెబ్బ. కొలబద్ద పొడుగైనది కాని, దానితో కొలిచిన వస్తువు సంగతి తెలియలేదు.

రెండవది ఇంకను ముఖ్యమైనది. శిక్షణ ప్రభావము అందరిపై ఒకే తీరుగా పడలేదు. తమ వ్యాపారముపై నిర్ణయాధికారము తమ చేతిలో ఉన్నవారిలో మార్పు ప్రస్ఫుటముగా కనబడినది. తండ్రి చాటునో, అన్న చాటునో, యజమాని చాటునో పనిచేయువారిలో అది అంతగా లేదు. కథలు వారును వ్రాసిరి. కడియములు వారును విసరిరి. కాని తిరిగి ఊరికి పోయిన తరువాత వారికి మధ్య దూరమున నిలుచు స్వేచ్ఛ లేదు. ఎవరో గీసిన గీత వద్దనే నిలువవలెను. ఈ ఫలితమును గ్రంథకర్తలు ఒక అదనపు విషయముగా చెప్పిరి గాని, గ్రంథమునకు పేరు పెట్టదగిన విషయమిదియే. ప్రేరణ కంటె ముందు అవకాశము ఉండవలెను.

మూడవది ప్రయోగపు అమరికలోనిది. శిక్షణ పొందినవారు కథలు, ఆటలు మాత్రమే పొందలేదు. సుమారు 500 కిలోమీటర్ల దూరమున ఒక ప్రభుత్వ సంస్థలో అతిథులుగా నుండిరి. తోటి వర్తకులతో పది దినములు కలిసి భుజించిరి. ఆపై తమ పురోగతిని అడిగి తెలిసికొనువారు కూడ వారికి ఉండిరి. పోలికకు తీసికొన్నవారికి వీనిలో ఏదియు లేదు. కథలు, ఆటలు లేకుండ, కేవలము పది దినములు కలిసి నివసించి వ్యాపార విషయములు ముచ్చటించుకొన్న మూడవ గుంపు ఒకటి ఉండియుండినచో సందేహము తీరెడిది. అట్టి గుంపు ఈ ప్రయోగమున లేదు. ప్రయోగశాలలో ఒకేసారి ఉష్ణోగ్రతను, పీడనమును మార్చి ఘనపరిమాణము మారుటకు ఉష్ణోగ్రతయే కారణమని వ్రాసిన విద్యార్థికి ఉపాధ్యాయుడు మార్కులు తగ్గించును గదా. చికాగో నగర సమీపమున హాథార్న్ కర్మాగారములో 1924–1932 మధ్య జరిగిన పరిశోధనలనుండి ఈ జాగ్రత్త శాస్త్రజ్ఞులకు తెలిసినదే. వెలుతురు పెంచినను, తగ్గించినను పని మెరుగుపడెనని ఆనాటి నివేదికలు చెప్పినవి. ఆ లెక్కలను తరువాతివారు తిరుగదోడి సందేహించినను, తమ్ము ఒకరు గమనించుచున్నారని తెలిసినవారి నడత మారవచ్చునను హెచ్చరిక మాత్రము నిలిచినది.

పంజగుట్ట సమీపమున మరియొక పద్ధతి

ఇదే కాలమున యూసఫ్‌గూడకు కొద్ది దూరములోనే, పంజగుట్టకు సమీపమున, రాజ్‌భవన్ రోడ్డులోని బెల్లా విస్టా అను భవనములో వేరొక పద్ధతి నడచుచుండెను. ఒకప్పుడు నిజాము కుమారుడైన బీరారు యువరాజు నివసించిన ఆ భవనమున 1956లో స్థాపింపబడిన అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ వెలసినది. ఇంగ్లండులోని హెన్లీ కళాశాల దానికి నమూనా. హెన్లీ పద్ధతిలో ప్రభుత్వోద్యోగులు, పరిశ్రమల అధికారులు సుమారు పదిమంది చొప్పున చిన్న కూటములుగా కూర్చుండి, ఒక సమస్యను చర్చించి, ఉమ్మడిగా ఒక నివేదిక తయారుచేయుదురు. విషయము మారినప్పుడెల్ల కూటమి అధ్యక్షుడు మారును. నేడు అధ్యక్షుడైనవాడు రేపు సామాన్య సభ్యుడు.

యూసఫ్‌గూడ పద్ధతిలో ప్రతివాడును తన కథను తాను వ్రాసి తనలోనికి తాను చూచుకొనును. బెల్లా విస్టా పద్ధతిలో అందరును ఒకే సమస్యను చూచి దానిపై వాదించుకొందురు. మొదటిదానిలో వ్యక్తికి కావలసిన కదలిక కలదు. పదిమంది కలిసి తీర్చుకొనవలసిన చిక్కునకు సాధనము లేదు. రెండవదానిలో ఆ సాధనము కలదు; అయితే నివేదికతో పని ముగిసినచో, చెప్పిన మాటను ఎవరు చేసిరని అడుగువారుండరు. ఆరు నెలల కొకసారి విచారించుట అను యూసఫ్‌గూడ నియమమును బెల్లా విస్టా కూటమికి జతచేసిన మేలైన పద్ధతి యగును. మెక్లెలండ్ గ్రంథమున వ్యక్తికి ఇచ్చిన చోటు ఎక్కువ, బృందమునకు ఇచ్చినది తక్కువ. వర్తకుల బృందభావమును నాలుగవ లక్ష్యముగా చెప్పియు, ఫలితము వచ్చినప్పుడు కీర్తిని మొదటి లక్ష్యమునకే కట్టబెట్టుట న్యాయము కాదు.

పాఠశాలకు వర్తించునది

ఈ పద్ధతి త్వరలోనే పాఠశాలలకు ప్రాకినది. ప్రయాగ్ మెహతా ఉన్నత పాఠశాల బాలుర సాధనాకాంక్షపై చేసిన పరిశోధనను జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి 1969లో గ్రంథముగా ప్రకటించినది. అప్పటినుండి నేటి వ్యక్తిత్వ వికాస తరగతుల వరకు ఇట్టి ప్రయత్నములు సాగుచునే ఉన్నవి. వీనిని చేపట్టు ఉపాధ్యాయుడు కాకినాడ లెక్కలలోని రెండవ చిక్కును మరువరాదు. విద్యార్థి సామాన్యముగా నిర్ణయాధికారము లేనివాడు. పాఠము, కాలపట్టిక, పరీక్ష, కూర్చుండు బల్ల, అన్నియు ఇతరులు నిర్ణయించినవే. అతని స్థితి వైకుంఠపాళి ఆడువాని స్థితి. గవ్వలు వేయును, నిచ్చెన ఎక్కును, పాము నోట పడి దిగును. కాని ఆటయంతటిలోను అతడు చేసిన నిర్ణయము ఒక్కటియు లేదు. అట్టివానిచే ఉత్సాహముగల కథలు వ్రాయించి, మార్పు రాలేదని నిందించుట అన్యాయము. కథ తక్కువగా వ్రాసినవానికి ఆకాంక్ష లేదని ముద్రవేయుట అంతకంటె పెద్ద అన్యాయము. ఆ కొలత అంత నమ్మదగినది కాదని గ్రంథమే చూపినది.

బృంద సమస్యకు ఆట కావలెనన్న పల్లెల అరుగులపై గీతలు చెక్కి ఆడెడి పులిమేకల ఆట కలదు. వాడుకలో నున్న ఒక విధమున పులులు మూడు, మేకలు పదునైదు. మేకకు ఆవల గడి ఖాళీగా నున్నచో పులి దానిమీదుగా దూకి మేకను చంపును. ఆవలి గడిలో మరియొక మేక ఉన్నచో దూకలేదు. మేకకు బలము దాని కాళ్ళలో లేదు, వెనుక నిలిచిన మేకలో ఉన్నది. పులులు కదలుటకు వీలులేకుండ చుట్టుముట్టినచో మేకలు గెలుచును.

ఈ ఆటను తరగతిలో కొద్దిగా మార్చి ఆడింపవచ్చును. మేకల పక్షమున ఒకనికి బదులు అయిదుగురిని నిలిపి, ఒక్కొక్కరికి మూడేసి మేకల నిచ్చి, ఎవరి మేకలను వారే పెట్టవలెను, కదల్పవలెను అను నియమము చేయవలెను. ఎత్తు వేయుటకు ముందు మాట్లాడుకొనవచ్చును. మొదటి విధమున, ఎవరికి ఎన్ని మేకలు మిగిలినవో వారికి అన్ని మార్కులు. రెండవ విధమున, విడిగా మార్కులు లేవు. పులులను బంధించిన అయిదుగురును గెలిచినట్లు, లేనిచో అయిదుగురును ఓడినట్లు. పటము అదే, పావులు అవే, పిల్లలు వారే. మారినది లెక్క ఒక్కటే. మొదటి విధమున తన మేకను వెనుక దాచుకొనుట లాభము. రెండవ విధమున దానిని ముందు నిలుపుట లాభము కావచ్చును. ఒక్కొక్క విధమున పది ఆటలు చొప్పున ఆడించి, పోయిన మేకలను, గెలిచిన ఆటలను విద్యార్థులే నమోదు చేయవచ్చును. ఆట అలవాటైనకొలది నైపుణ్యము పెరుగును గనుక, సగము జట్లు మొదటి విధముతోను, సగము జట్లు రెండవ విధముతోను ఆరంభింపవలెను. ఒకే ఒక అంశమును మార్చి చేసెడి ప్రయోగమిది. కాకినాడ ప్రయోగమునకు కొరవడిన అమరిక ఇందులో కలదు. పాయింట్లు, బ్యాడ్జీలు ఇచ్చునప్పుడు వానిని ఎవరికి, దేనికి ఇచ్చుచున్నామో ఏల జాగ్రత్తగా చూడవలెనో దీనివలన పిల్లలకే తెలియును.

ఆట ముగిసిన తరువాత కథకు చోటు వచ్చును. ‘మీ మేక పోయినప్పుడు ఏమి జరిగినది? దానికి పూర్వము ఏమి జరిగినది? తోటివారు ఏమి తలచియుందురు? మరల ఆడినచో ఏమి చేయుదురు?’ అని అడిగి ఒక్కొక్కరిచే పది పంక్తులు వ్రాయింపవలెను. వానికి మార్కులు వేయరాదు. ఒకే ఆట అయిదు కథలుగా వచ్చుటను పిల్లలు తామే చదివి చూచుకొందురు. జట్టులోని కలహములు అనేకము మొదలగునది, ఒకే సంఘటన అయిదుగురికి అయిదు కథలై, ఎవరి కథను వారే నిజమని నమ్ముట వలననే.

ఇంతటితో ఆపినచో ఇదియు వినోదముగానే మిగులును. ఆ అయిదుగురికి నిజముగా నిర్ణయింపదగిన పని యొకటి అప్పగింపవలెను. పాఠశాల తోటలో ఒక మడిలో ఏ విత్తనములు చల్లవలెనో, ప్రయోగశాలలోని గాజు సామగ్రిని ఎట్లు సర్దవలెనో, విజ్ఞాన ప్రదర్శనకు ఏ ప్రశ్నను తీసికొనవలెనో వారే నిర్ణయింపవలెను. ఆ నిర్ణయమును ఉపాధ్యాయుడు మధ్యలో మార్చరాదు. అయిదుగురిలో ఒక్కొక్కరు ఒక్కొక్క వారము పెద్దగా నుండవలెను. నెల గడచిన తరువాత జట్లన్నియు కూర్చుండి, చెప్పినదేమి, చేసినదేమి అని ఒకరినొకరు అడుగవలెను. విత్తనములు మొలకెత్తకపోవచ్చును. అదియును చెప్పదగిన కథయే.

మెక్లెలండ్, వింటరుల గ్రంథము కథకును, ఆటకును ఉన్నదానికంటె ఎక్కువ శక్తిని అంటగట్టినది. ఐనను ఆ రెంటిని పరీక్షకు పెట్టి, లెక్కలను పదిమంది ముందుంచిన ఘనత దానిదే. కాకినాడ వర్తకులకు కథ తమ్ము తాము చూచుకొనుటకును, ఆట తమ నిర్ణయమును చూచుకొనుటకును పనికివచ్చినది. తరువాతి రెండేండ్లలో ఆ చూపు పనిగా మారినది ప్రధానముగా నిర్ణయాధికారము చేతిలో ఉన్నవారి విషయమున. తరగతిలో కథలు, ఆటలు ప్రవేశపెట్టదలచిన ఉపాధ్యాయుడు ముందుగా ప్రశ్నించుకొనవలసినది ఏ కథ, ఏ ఆట అని కాదు; ఈ పిల్లల చేతికి ఏ నిర్ణయమును విడిచిపెట్టగలనని.